ట్యాంకరు నీళ్ళు, మంచు ప్యాంట్లు

గార్మెంట్స్ ఫ్యాక్టరీలో చెకింగ్ పనికి కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. టీ తాగి, కాసేపు ఆ మాటా ఈ మాటా మాట్లాడి, చివరికి ఒకటే అడుగుతారు. ఇన్నేళ్ళ సర్వీసులో మీ చేతి మీదుగా పోయిన పెద్ద తప్పేమిటి అని. చిన్నవి చాలా పోయాయి. ఒకసారి ఎడమ జేబు లేని చొక్కాలు ఒక పెట్టె నిండా దేశం దాటిపోయాయి. అలాంటివి నవ్వుకుంటూ చెప్పేస్తాను. ఒక్కటి మాత్రం ఇంతవరకు ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను, చదవండి. చదివాక నన్ను ఓదార్చడానికి మాత్రం రావద్దు.

మా ఫ్యాక్టరీ అనంతపురం నుంచి కళ్యాణదుర్గం పోయే దారిలో ఉండేది. నాలుగు వందల మంది, ఎక్కువగా ఆడవాళ్ళు. తెల్లారేసరికి చుట్టుపక్కల పల్లెల నుంచి బస్సుల్లో, షేర్ ఆటోల్లో కిక్కిరిసి వచ్చేవాళ్ళు. శనక్కాయ పంట ఎండిపోయిన ఏడు గేటు దగ్గర పని అడిగేవాళ్ళ వరుస పొడుగ్గా ఉండేది. మాకు కరువే మేలు అని మా మేనేజర్ ఒకసారి నోరు జారాడు. ఆయన కోయంబత్తూరు వైపు మనిషి, తెలుగు బాగానే పట్టుకున్నాడు. ఆ మాటకు అందరం నవ్వాం, నేను కూడా. అక్కడ నేను క్వాలిటీ ఇన్‌ఛార్జిని. అంతకు ముందు కళ్యాణదుర్గంలో టైలరు కొట్టు పెట్టుకుని బతికినవాణ్ణి.

మా దగ్గరికి ఎక్కడెక్కడి ఆర్డర్లో వచ్చేవి. వాటిలో వింతైనది మంచు ప్యాంటు. మంచు కొండల మీద కాళ్ళకు పొడవాటి బద్దలు కట్టుకుని జారే ఆట ఒకటుంది కదా, అది ఆడేవాళ్ళు తొడుక్కునేది. మామూలు ప్యాంటులా నడుము దగ్గర ఆగదు. రొమ్ముదాకా వస్తుంది, భుజాల మీదికి పట్టీలుంటాయి. పడినా, మంచులో కూర్చున్నా నడుము సందులోంచి మంచు లోపలికి పోకుండా అట్లా కుడతారు. మా ఆడవాళ్ళు దానికి ఎదప్యాంటు అని పేరు పెట్టారు. మాలో ఎవరమూ మంచు చూసినవాళ్ళం కాదు. ఇది జరిగిన ఏడు వాన కూడా సరిగా చూడలేదు.

ఆ ప్యాంటుకు ప్రాణమంతా నీళ్ళు లోపలికి పోకపోవడంలోనే ఉంటుంది. గుడ్డ పైపూత నీటిబొట్టును నిలవనివ్వదు, తామరాకు మీద పడ్డట్టు దొర్లిపోతుంది. కానీ సూది దిగిన ప్రతిచోటా చిన్న రంధ్రం పడుతుంది. అందుకని లోపలి వైపు ప్రతి కుట్టు మీదా ఒక టేపు పరిచి వేడిగాలితో అతికిస్తారు. ఆ టేపు మిషన్లు మాకు రెండే ఉండేవి. వేడి తక్కువైతే టేపు అంటుకోదు, ఎక్కువైతే గుడ్డ మాడుతుంది. చెయ్యి తిరిగినవాళ్ళకు తప్ప ఆ మిషన్ లొంగదు.

అతికినవి అతికినట్టున్నాయో లేదో చూడడానికి ఒక గది ఉండేది. ప్యాంటును బొమ్మకు తొడిగి, లోపల సిరా అద్దే కాగితం చుట్టి, పైనుంచి షవర్ విప్పి పది నిమిషాలు తడిపేవాళ్ళం. తర్వాత విప్పి చూస్తే కాగితం మీద ఒక్క మచ్చ ఉండకూడదు. ఏ లాట్లోంచి ఏ ప్యాంటు పరీక్షకు పోవాలో ఎంచేది నేనే. గుట్టలోంచి ఒకటి లాగి, మడత విప్పి, ఇది తీసుకుపో అనేవాణ్ణి. ఆ ఏరడంలో ఎంత అధికారం ఉందో అప్పట్లో నాకు తెలియదు, లేదా తెలిసీ బాగుందనుకున్నాను.

ఫ్యాక్టరీ బోర్లు రెండూ ఎండిపోయాయి. నీళ్ళు ట్యాంకర్లో రావాలి. నాలుగు వందల మంది తాగాలి, పాయఖానాలకు కావాలి, ఇస్త్రీ ఆవిరికి కావాలి. వీటన్నిటి మధ్య ప్యాంట్ల మీద పది నిమిషాలపాటు నీళ్ళు పోసి మురికికాలవలోకి వదలడం చూస్తే నాకు కడుపు మండేది. కిందపడ్డ నీళ్ళు ఒక డ్రమ్ములో పట్టి, చిన్న మోటరుతో మళ్ళీ షవర్‌కు ఎక్కించే ఏర్పాటు నేనే చేశాను. మేనేజర్ అందరి ముందూ చప్పట్లు కొట్టించాడు. ఆ వారమంతా నేను నేల మీద నడవలేదు.

ఎండలు ముదిరాక ట్యాంకరు రోజు విడిచి రోజు రావడం మొదలైంది. అప్పుడు పరీక్ష గదిలో పనిచేసే పెద్దామెను పిలిచి, ఇకమీదట ఈ గదిలో ఒక్క చుక్క కూడా పారబోయొద్దు, ఏ నీళ్ళయినా డ్రమ్ములోకే పోవాలని గట్టిగా చెప్పాను. ఆమె అరవై దాటిన మనిషి, చెప్పింది చెప్పినట్టు చేస్తుంది. పరీక్షలకు సాయం చేయడంతోపాటు, ప్యాంట్ల మీద మిషన్ నూనె మరకలుంటే ఆ గది మూలన కూర్చుని కడగడం కూడా ఆమె పనే. ఈ రెండో పని నాకు తెలిసిందే. కానీ ఆ రోజు దాని గురించి ఆలోచించలేదు.

పది రోజులకు మొదటి ప్యాంటు కారింది. మోకాలి కుట్టు దగ్గర కాగితం మీద రూపాయి బిళ్ళంత మచ్చ.

ఏ ఆపరేటర్ టేపు వేసిందో తెలియడానికి ప్రతి ప్యాంటుకూ ఒక చిన్న స్టిక్కర్ ఉంటుంది. చూస్తే టేపు మిషన్ల మీద అందరికంటే పాత ఆపరేటర్ది. ఆరేడేళ్ళుగా ఆ మిషన్ మీద ఉన్న మనిషి. నాకంటే పదిహేనేళ్ళు చిన్న. కళ్యాణదుర్గం అవతల పల్లె. మూడెకరాల మెట్ట ఉంది, అందులో మూడేళ్ళుగా పెట్టిన విత్తనం కూడా తిరిగి రాలేదు. ఈ పని పోతే మొగుడూ పెళ్ళామూ బెంగళూరుకు మట్టిపనికి పోవాలి, పదో తరగతి చదివే కూతురి బడి మాన్పించాలి. ఈ సంగతులన్నీ నాకెలా తెలుసంటే, నా భార్య ఆస్పత్రిలో ఉన్నప్పుడు వారం రోజులు మా ఇద్దరికీ రొట్టెలు కాల్చి తెచ్చిన మనిషి ఆమె. అన్నా అని పిలుస్తూ, మంచం పక్కన కూర్చుని కష్టసుఖాలు చెప్పుకునేది.

నేను మర్నాడు ఆమె గుట్టలోంచే ఇంకో రెండు లాగాను. అవీ కారాయి. ఆ తర్వాతి రోజు నాలుగు లాగాను, నాలుగూ ఆమెవే. రెండో మిషన్ ప్యాంట్లు ఎందుకు ఏరలేదని ఎవరైనా అడిగితే, అనుమానం ఉన్నచోటే కదా వెతకాలి అనేవాణ్ణి. ఎవరూ అడగలేదు. వారానికి నా రిజిస్టర్‌లో కారిన ప్యాంట్లన్నీ ఒకే ఆపరేటర్వి అయ్యాయి. అంకెలు చూసిన మేనేజర్‌కు ఇక అనుమానం మిగల్లేదు.

ఆమె నా టేబుల్ దగ్గరికి వచ్చింది. చేతిలో కారిన ప్యాంటు ఒకటి ఉంది, తిరగేసి టేపు చూపించింది.

"గోరుతో గీకి చూడన్నా. యాడన్నా లేస్తాందా? నా చేతిలో తప్పు లేదు. ఆ డ్రమ్ము నీళ్ళు ఒగతూరి మార్చి చూడు. నిన్న చేతులు కడుక్కుంటే జిడ్డు జిడ్డుగా ఉండాయి."

నా డ్రమ్ము. చప్పట్లు కొట్టించుకున్న డ్రమ్ము. నాకు ఒళ్ళు మండింది.

"నీళ్ళలో తప్పు యాడుంటాదమ్మా? నీళ్ళు నీళ్ళే. పోయి మిషన్ చూసుకో పో."

ఆమె ప్యాంటు మడుచుకుని వెళ్ళిపోయింది. ఆ సాయంత్రమే నేను రిపోర్టు రాశాను. ఆపరేటర్ అజాగ్రత్త వల్ల టేపు సరిగా అతకడం లేదు అని, కింద నా సంతకం. మర్నాడు ఆమెను మిషన్ మీదనుంచి లేపి దారాలు కత్తిరించే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఆ మిషన్‌కు ఒక కొత్తమ్మాయిని తెచ్చారు. కొత్తమ్మాయి ప్యాంట్లూ కారాయి. చెయ్యి ఇంకా తిరగలేదు కదా అన్నాను. మనిషి ఒకసారి ఒక మాటకు కట్టుబడ్డాక కళ్ళ ముందున్నదాన్ని కూడా దానికి సరిపోయేట్టు తిప్పుకుంటాడు, నేను మరీ హాయిగా తిప్పుకున్నాను.

ఇంతలో ఆర్డరిచ్చిన కంపెనీ వాళ్ళ ఇన్‌స్పెక్టర్ వస్తున్నట్టు కబురొచ్చింది. బెంగళూరు ఆఫీసు నుంచి ఒకావిడ. పరీక్షకు ప్యాంట్లు ఆవిడే ఏరుతుంది, పదమూడు. అందులో రెండు కారితే సరుకంతా వెనక్కి. సరుకు వెనక్కి పోతే ఆ లైను మూసేస్తామని, అరవై మందిని ఇంటికి పంపుతామని మేనేజర్ ముందే చెప్పేశాడు. దారాల బల్ల దగ్గరున్న ఆమె సంగతి వేరుగా చెప్పాడు. పరీక్ష ఎలా పోయినా సరే, ఆ సాయంత్రం ఆమెకు పనిలోంచి తీసేసే లెటర్ ఇచ్చేస్తారు. లెటర్ టైపు చేసి ఆయన సొరుగులో పెట్టుకున్నాడు. నా రిపోర్టు నకలు దానికి గుచ్చి ఉంది.

ఆ రోజు పొద్దున ఏడింటికే నేను ఫ్యాక్టరీకి చేరాను. ఇన్‌స్పెక్టర్ పదికి వస్తుంది. పరీక్ష గదిలో అడుగు పెట్టేసరికి పెద్దామె మూలన మరకలు కడుగుతూ ఉంది. బేసిన్‌లో రెండు ప్యాంట్లు జాడించి, పిండి, ఆ బేసిన్ నీళ్ళు ఎత్తి తాపీగా డ్రమ్ములో పోసింది. నేను చూస్తూ నిలబడ్డాను.

"ఏం చేస్తాండావవ్వా?" అన్నాను చివరికి.

"జాడించిన నీళ్ళప్పా. నువ్వే కదా ఒగ చుక్క కూడా పారబోయొద్దంటివి."

డ్రమ్ములో చెయ్యి పెట్టాను. వేళ్ళు ఒకదాని మీద ఒకటి జారాయి. అంత సబ్బు. నా సీసాలోంచి నాలుగు చుక్కలు తాగే నీళ్ళు ఒక కొత్త ప్యాంటు మీద పోశాను. ముత్యాల్లా దొర్లి కింద పడ్డాయి. అదే ప్యాంటు మీద పక్కనే డ్రమ్ము నీళ్ళు నాలుగు చుక్కలు వేశాను. దొర్లలేదు. అక్కడే చదునుగా పరుచుకుని, చూస్తుండగానే గుడ్డలోకి ఇంకాయి. సబ్బు తగిలితే ఆ పూత పనిచేయదు. నీళ్ళు గుడ్డనంతా పట్టుకుని, దారం వెంబడి పాకి, టేపు అంచు కిందనుంచి దారి చేసుకుంటాయి. టైలరుగా పుట్టి పెరిగినవాణ్ణి, సబ్బు సంగతి నాకు తెలియదని చెప్పుకునే వీలు కూడా లేదు.

మొదట దారాల బల్ల దగ్గరున్న ఆమె గుర్తొచ్చిందని చెప్పాలని ఉంది, కానీ నిజం అది కాదు. మొదట గుర్తొచ్చింది పది గంటలు.

డ్రమ్ము ఖాళీ చేయించాను. అన్ని నీళ్ళు పారబోయడానికి ఆ క్షణంలో కూడా నాకు చెయ్యి రాలేదు, బకెట్లకెత్తి పాయఖానాలకు వాడుకోమని వరుసగా పెట్టించాను. డ్రమ్మును నాలుగుసార్లు కడిగాం. మంచినీళ్ళు మాత్రం ఎక్కడున్నాయి? ట్యాంకరు వచ్చేది మర్నాడు. మిగిలినవి మేడ మీది తాగేనీళ్ళ ట్యాంకులోవే. వాల్వు తిప్పి అందులోంచే పట్టించాను, ఎవరినీ అడగలేదు. నలభై రెండు డిగ్రీల ఎండలో, రేకుల కప్పు కింద, నాలుగు వందల మంది తాగాల్సిన నీళ్ళు. మధ్యాహ్నం రెండింటికి కొళాయిలు గాలి కొట్టాయి. సాయంత్రందాకా ఆడవాళ్ళు పెదాలు తడుపుకుంటూ కుట్టారు. కారణం ఎవరికీ చెప్పలేదు.

ఇన్‌స్పెక్టర్ సన్నగా, మాట తక్కువగా ఉండే మనిషి. కన్నడం కలిసిన తెలుగు మాట్లాడేది. గోడౌన్లో పెట్టెలు తెరిపించి తనే ఏరింది. ఒకటి అడుగునుంచి, ఒకటి మధ్యలోంచి, స్టిక్కర్ చూడకుండా. నేను అట్లా ఏరలేదు కదా అనుకున్నాను. బల్ల మీద పరిచాక స్టిక్కర్లు నేను చూశాను. ఏడు పాత ఆపరేటర్వి, మిగతావి రెండో మిషన్వి, కొత్తమ్మాయివి.

మొదటి ప్యాంటు తొడిగాం. షవర్ విప్పాం. పది నిమిషాలు ఆ గదిలో నీళ్ళ చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. మేనేజర్ గోడకు చేరబడి రుమాలుతో మెడ తుడుచుకుంటూనే ఉన్నాడు. విప్పి చూస్తే కాగితం పొడిగా కరకరలాడింది. రెండోది. మూడోది. ఏడో దాని మోకాలి దగ్గర నాకు మచ్చ కనబడినట్టయి వంగి చూశాను, అది నా వేలి నీడ. మధ్యాహ్నం దాటి మూడయ్యేసరికి పదమూడూ అయ్యాయి. ఒక్కటీ కారలేదు. ఆరేడేళ్ళుగా తిరిగిన ఆమె చెయ్యి వేసినవీ, నేర్చుకుంటున్న అమ్మాయి చెయ్యి వేసినవీ, ఏవీ కారలేదు.

మేనేజర్ నా వీపు చరిచాడు. ఇన్‌స్పెక్టర్ ఫారం తీసి రాయడం మొదలుపెట్టింది. ఈ నెల మీ సొంత పరీక్షల్లో ఇన్ని ఎందుకు కారాయని అడిగింది. ఒక ఆపరేటర్ నిర్లక్ష్యమని, ఆమెను మార్చేశామని, ఈ సాయంత్రంతో పూర్తిగా తీసేస్తున్నామని మేనేజర్ చెప్పాడు. ఆవిడ అదంతా చక్కటి అక్షరాలతో రాసి, క్వాలిటీ ఇన్‌ఛార్జి సంతకం అన్న గడి మీద వేలు పెట్టి ఫారం నా ముందుకు జరిపింది.

నా రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్ళుంది. ఎవరికీ ఏమీ తెలియదు, పెద్దామెకు కూడా అర్థం కాలేదు. డ్రమ్ము శుభ్రంగా ఉంది. సంతకం పెడితే అందరూ సుఖంగా ఇళ్ళకు పోతారు, ఒక్కరు తప్ప. గది కిటికీలోంచి దారాల బల్ల కనబడుతుంది. ఆమె తల వంచుకుని కత్తిరిస్తూ ఉంది. మధ్యలో ఆగి, లేచి కొళాయి దగ్గరికి పోయి, తిప్పి చూసి, వట్టి చేతులతో తిరిగొచ్చి కూర్చుంది.

నేను పెన్ను మూత పెట్టేశాను.

"ఇది తప్పు మేడం. ఆపరేటర్ది ఏమీ లేదు. తప్పు నాది" అన్నాను.

మేనేజర్ నా కాలు తొక్కాడు. అయినా చెప్పాను. పాయఖానాల దగ్గర పెట్టించిన బకెట్లలో ఇంకా ఒకటి మిగిలి ఉంది, తెప్పించాను. ప్యాంటు మీద రెండు రకాల నీళ్ళూ వేసి చూపించాను. ఆవిడ వంగి చాలాసేపు చూసింది. తర్వాత ఫారంలో ఆ వాక్యాలు అడ్డంగా కొట్టేసి, నెల రోజులుగా మేము కారాయని పక్కన పడేసిన లాట్లన్నీ మంచినీళ్ళతో మళ్ళీ పరీక్షించి ఫలితాలు తనకు పంపమంది. సరుకు మాత్రం పాసైంది, లైను నిలబడింది. ఆవిడ కారెక్కాక మేనేజర్ నన్ను గదిలోకి పిలిచి తలుపు వేసుకున్నాడు. ఆయన అన్నవి రాయను. మూడు నెలలు నన్ను ఇన్‌ఛార్జి పనినుంచి తప్పించి మామూలు చెకింగ్‌లో నిలబెట్టారు. లెటర్ మాత్రం సొరుగులోంచి తీసి నా ముందే చింపాడు.

నేను తేలికైన మనసుతో దారాల బల్ల దగ్గరికి పోయాను. అంతా అయిపోయిందనుకున్నాను. నీ మిషన్ దగ్గరికి పోమ్మా, తప్పు నీళ్ళదే అని చెప్పాను. ఆమె లేవలేదు. తన మీద రాసిన రిపోర్టు ఫైల్లో ఉందా అని అడిగింది. ఉందన్నాను. తెమ్మంది.

తెచ్చాను. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు కత్తెరలు ఆపేశారు. ఆ కాగితం అడుగున రాసి, అందరికీ వినబడేట్టు చదివాను. మళ్ళీ పరీక్షించిన మీదట ఆపరేటర్ లోపం ఏమీ లేదని తేలింది, అని.

ఆమె నా మొహంలోకి చూసింది.

"దానంతట అదే తేల్యానా సార్? నీళ్ళు చూడండని నేను చెప్పినా. మీరు ఇనలేదు. అట్ల రాయండి."

అట్లాగే రాశాను. డ్రమ్ము నీళ్ళలో తప్పుందని ఈ ఆపరేటర్ మొదటి వారంలోనే చెప్పింది, నేను వినలేదు. సంతకం పెట్టాను. ఆమె కాగితం తీసుకుని రెండుసార్లు చదివి, నాకిచ్చి, లేచి తన మిషన్ దగ్గరికి పోయింది.

ఆ తర్వాత రెండేళ్ళు అదే లైనులో ఇద్దరం పనిచేశాం. ఎదురుపడితే పలకరించేది. కూతురు ఇంటర్లో చేరిందని చెప్పింది, నా భార్య ఆరోగ్యం అడిగేది. ఎక్కడా ముభావం లేదు. కానీ ఆ రోజు మొదలు ఒక్కసారి కూడా నన్ను 'అన్నా' అని పిలవలేదు. మొదట్లో మరిచిపోయిందేమో అనుకున్నాను. తర్వాత, కోపం తగ్గాక అంటుందిలే అనుకున్నాను. ఒకరోజు ఉండబట్టలేక, నా మీద ఇంకా కోపంగా ఉందా అని అడిగేశాను. అయ్యో, కోపమెందుకు అంది. అది నిజమేనని ఆమె మొహం చూస్తే తెలిసింది. కోపమైతే ఏదో ఒక రోజుకు పోతుందని నాకు ఆశ ఉండేది.

నేను రిటైరైన రోజు గేటుదాకా వచ్చినవాళ్ళలో ఆమె కూడా ఉంది. అందరితోపాటు చేతులు జోడించింది.

"పోయిరాండి సార్" అంది.